వంద ఫ్రేములు వస్తున్నా ఆట ఎందుకు ఆగుతోంది?

చిరంజీవులిద్దరికీ పెదనాన్న ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో చూశాను. ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్. మూలన ఎఫ్‌పీఎస్ అంకె, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయన్న లెక్క, వంద దగ్గరే నిలబడి ఉంది. అయినా నాలుగడుగులు వేసేసరికి ఆట క్షణంపాటు ఆగి, జర్క్ ఇచ్చి, మళ్లీ కదులుతోంది. షాపాయన ఇంకా పెద్ద కార్డు వేసుకోమన్నాడని రాశారు. దయచేసి ఇప్పుడే అంత పని చేయకండి. ఈ మాట మీ నాన్నకూ ఫోన్‌లో చెప్పాను. కార్డుకు బలం చాలకపోతే ఆట మొత్తం నెమ్మదిస్తుంది, ఆ అంకె కిందికి దిగుతుంది. మీకు అంకె బాగానే ఉంది, మధ్యమధ్యలో కుదుపు వస్తోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

ముందు ఆ అంకె సంగతి తెలుసుకోండి. గంటకు ఆరు బస్సులని డిపోలో లెక్క ఉంటుంది. మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేసి, తర్వాత అరగంట ఒక్కటీ రాకపోయినా ఆ లెక్క తప్పదు. స్టాపులో నిలబడ్డవాడికి మాత్రం ఆ అరగంటే గుర్తుంటుంది. ఎఫ్‌పీఎస్ కూడా అలాంటి లెక్కే. ఒక సెకనులో 99 ఫ్రేములు ఒక్కొక్కటి 9 మిల్లీసెకన్లలో తయారయ్యాయనుకోండి, మొత్తం 891. మిగిలిన ఒకే ఒక్క ఫ్రేముకు 109 మిల్లీసెకన్లు పట్టింది. కలిపితే సరిగ్గా సెకను, వంద ఫ్రేములు. మూలన 100 అనే కనిపిస్తుంది. కానీ మీ 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.9 మిల్లీసెకన్లకూ కొత్త ఫ్రేము కోసం చూస్తుంది. ఆ 109 మిల్లీసెకన్లూ పాత బొమ్మనే పదిహేనుసార్లు చూపిస్తూ కూర్చుంటుంది. మీ కంటికి తగిలిన కుదుపు అదే.

ఈ తేడాను అందరికీ అర్థమయ్యేలా చూపించినవాడు స్కాట్ వాసన్. 2011లో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్ కోసం కార్డులను పరీక్షిస్తూ, సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క చాలదని, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో చూడాలని వాదించి, అలాగే కొలిచి చూపించాడు. ఇవాళ రివ్యూలలో మీరు చూసే '1 శాతం లో' అంకె (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్క) వెనక ఉన్నది ఆ ఆలోచనే. నా దృష్టిలో గేమింగ్ కంప్యూటర్ల విషయంలో జరిగిన గొప్ప మేళ్లలో అదొకటి. కంటికి తెలుస్తున్న ఇబ్బందికి అప్పటిదాకా కొలత లేదు, ఆయన వల్ల అది దొరికింది.

కాబట్టి మొదటి పని కొలవడం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకోండి. రెండూ ఉచితమే. తెర మీద ఎఫ్‌పీఎస్ అంకెతోపాటు ఫ్రేమ్ టైమ్‌ను గీతగా చూపించమని పెట్టండి. ఆట సాఫీగా ఉన్నప్పుడు ఆ గీత చదునుగా పోతుంది, జర్క్ వచ్చినచోట నిలువుగా లేస్తుంది. ఇంటెల్ ఇస్తున్న ప్రెజెంట్‌మాన్ అయినా సరే, అది ఏ కంపెనీ కార్డుతోనైనా పనిచేస్తుంది. అరగంట ఆడి, గీత ఎప్పుడెప్పుడు లేస్తోందో చూడండి. ఏ ఫ్రేములో ఆగింది అన్నదానికంటే ఏ సందర్భంలో ఆగింది అన్నదే మనకు దారి చూపిస్తుంది.

కొత్త ప్రదేశానికి వెళ్లినప్పుడో, మొదటిసారి ఏదో పేలినప్పుడో ఆగి, అదే చోటికి రెండోసారి వెళ్తే ఆగడం లేదా? మీ వీడియో చూస్తే నాకు ఇదే అనుమానం. దీన్ని షేడర్ కంపైలేషన్ స్టటర్ అంటారు. షేడర్ అంటే నీళ్లు ఎలా మెరవాలో, పొగ ఎలా కమ్మాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాం. పీసీల్లో ఎన్నో రకాల కార్డులుంటాయి గనుక, ఆట చేసినవాళ్లు అన్నింటికీ సరిపడేలా ముందే తయారుచేసి పంపలేరు. మీ కార్డుకు, మీ డ్రైవర్‌కు (విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తగ్గట్టు అది మీ ఇంట్లోనే కంపైల్ కావాలి, అంటే కార్డుకు అర్థమయ్యే రూపంలోకి మారాలి. ఆ పని ప్రాసెసర్‌ది. 2015లో విండోస్ 10తో డైరెక్ట్‌ఎక్స్ 12 (ఆటలు కార్డుతో మాట్లాడే పద్ధతి) వచ్చాక, ఈ కంపైలింగ్ ఎప్పుడు చేయించాలన్న బాధ్యత చాలావరకు ఆట చేసినవాళ్ల మీద పడింది. శ్రద్ధ ఉన్నవాళ్లు ఆట మొదలయ్యే ముందే 'షేడర్లు సిద్ధమవుతున్నాయి' అని కాసేపు కూర్చోబెట్టి ఆ పని పూర్తిచేయిస్తారు. అలా చేయనిచోట, పొగ తెర మీదికి వచ్చిన క్షణంలోనే దాని షేడర్ కంపైల్ కావాలి, అంతవరకు ఫ్రేము ఆగాలి. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఈ ఆలస్యం పోదు. 2022లో ఎల్డెన్ రింగ్ అనే ఆట వచ్చినప్పుడు మంచి మంచి పీసీల మీద కూడా జనం కుదుపులు పడ్డారు. వాల్వ్ కంపెనీ చేసే స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే పీసీకి ఈ బాధ తక్కువ, ఎందుకంటే అన్నింటిలోనూ ఒకే రకం చిప్ ఉంటుంది గనుక వాల్వ్ షేడర్లను ముందే కంపైల్ చేసి పంపగలుగుతోంది.

దీనికి మీరు చేయగలిగింది కొంతే, అయినా ఆ కొంత చేయండి. షేడర్లు సిద్ధమయ్యే తెర కనిపిస్తే తొందరపడి దాటేయకండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ (కంపైల్ అయిన షేడర్లను దాచిపెట్టే చోటు) సైజును 10 జీబీకి పెంచండి. వారానికోసారి డ్రైవర్ మార్చే అలవాటు మానండి. కొత్త డ్రైవర్ వేసిన ప్రతిసారీ పాత క్యాష్ పనికిరాకుండా పోయి, మొదటినుంచి కంపైల్ కావాల్సి వస్తుంది. డ్రైవర్ వేసిన మర్నాడు 'ఆట పాడైపోయింది' అనేవాళ్లలో చాలామంది చూస్తున్నది ఇదే.

ఒకే చోట, ప్రతిసారీ, ఊరి పొలిమేర దాటినప్పుడల్లా ఆగుతోందంటే అది వేరు. అక్కడ ఆట తర్వాతి భాగాన్ని డిస్క్ నుంచి తెచ్చుకుంటోంది. ఆటను హార్డ్ డిస్క్ మీద పెట్టి ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. ఎస్ఎస్‌డీలోనే ఉన్నా ఆగుతుంటే తప్పు ఆటది, దాని ప్యాచ్ కోసం ఆగడమే.

కాసేపు బాగా ఆడి, తర్వాత చెడితే రెండు చోట్ల వెతకాలి. ఒకటి కార్డు మెమరీ. మీ కార్డులో ఉన్నది 12 జీబీ. ఆ మెమరీ సెకనుకు 504 జీబీ అందిస్తుంది. అది నిండిపోయి మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తే, మధ్యలో ఉన్న పీసీఐ దారిలో సెకనుకు 32 జీబీకి మించి రాదు. టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ జీపీయూ మెమరీ (కార్డు సొంతది) నిండి, షేర్డ్ మెమరీ (ర్యామ్ నుంచి తీసుకున్నది) పెరుగుతూ కనిపిస్తే ఆట సెట్టింగ్స్‌లో టెక్స్చర్‌లను (వస్తువుల పైపూత బొమ్మలను) ఒక మెట్టు దించండి. కంటికి పెద్ద తేడా తెలియదు. రెండోది వేడి. మీ ప్రాసెసర్‌కు 95 డిగ్రీలు హద్దు, అక్కడికి చేరితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. విజయవాడ మే నెలలో, తలుపులు మూసిన గదిలో, క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెడితే ఇంకేం కావాలి? హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఉష్ణోగ్రత చూడండి, ఫిల్టర్ దుమ్ము దులపండి.

అన్ని ఆటల్లోనూ, వేళాపాళా లేకుండా వస్తోందంటే ఆటలను వదిలేసి కంప్యూటర్‌ను చూడాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ ఎంత ఉందో చూడండి. 6000 అని పెట్టె మీద రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయకపోతే సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది. రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాటుల్లో ఉన్నాయా? పక్కపక్కన గుచ్చి ఇచ్చే షాపులున్నాయి. మౌస్ కదిపినప్పుడే జర్క్ వస్తే దాని పోలింగ్ రేటును (సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుందో ఆ అంకె) 8000 నుంచి 1000కి దించండి. రంగుల లైట్ల సాఫ్ట్‌వేర్, ఆట మీద తేలే ఓవర్‌లేలు, వెనకాల వీడియో రికార్డింగ్ ఆపి చూడండి.

ఈ కోవలో నాకు బాగా గుర్తుండిపోయింది ఏఎండీ కథ. విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా ఏర్పాటు కావాలన్నారు గనుక చాలామంది బయోస్‌లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్ చేశారు. కొన్ని రైజెన్ కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆగడం మొదలైంది, శబ్దం కూడా గరగరలాడేది. ఎఫ్‌టీపీఎం మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడుతున్నప్పుడు ఇలా జరగొచ్చని 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్‌తో సరిచేసింది. ఆ సమయంలో కొత్త కార్డు కొన్నవాళ్ల డబ్బు వృథా అయినట్టే కదా! మీ స్నేహితుల్లో ఎవరికైనా ఏఎం4 రకం పాత రైజెన్ మదర్‌బోర్డు ఉండి బయోస్ ఎప్పుడూ మార్చకపోతే ఈ సంగతి చెప్పండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే ముందు ఆపి, రికవరీ కీ రాసిపెట్టుకుని, యూపీఎస్ మీద పెట్టి చేయమనండి. సగంలో కరెంటు పోతే బోర్డే పోతుంది.

మీరు ఆన్‌లైన్ ఆటలు కూడా ఆడతారు కదా. అక్కడ మీ చూపు సాఫీగా తిరుగుతూ, ఎదుటివాళ్లు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే అది నెట్ గొడవ. ఫ్రేమ్ టైమ్ గీత చదునుగానే ఉంటుంది. వైఫై బదులు కేబుల్ పెట్టండి.

ఎఫ్‌పీఎస్ బూస్టర్ల జోలికి, రిజిస్ట్రీ మార్పుల జోలికి వెళ్లకండి. ఒకేసారి పది మార్చితే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. ఒక్కటే మార్చండి, అదే ఆటలో అదే దారిలో నడవండి, గీత చూడండి, కాగితం మీద రాయండి. అది పని చేయకపోతే వెనక్కి తిప్పి, తర్వాతిది పట్టుకోండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ 144 దగ్గరే ఉందా, 60లో ఉండిపోయిందా అని మొదట్లోనే చూసుకోండి. కార్డు ఫ్రేముకు తగ్గట్టు మానిటర్‌ను నడిపించే జీసింక్ ఆన్ చేసి, ఫ్రేములు 140 దాటకుండా కట్టేయండి. పరుగు తగ్గినా నడక సమంగా ఉంటుంది.

కాగితంలో ఈ నాలుగూ తప్పకుండా ఉండాలి: ఏ ఆట, ఎక్కడ ఆగింది, రెండోసారి అక్కడికే వెళ్తే ఆగిందా లేదా, ఆ క్షణంలో ప్రాసెసర్ వేడి ఎంత. దాని ఫొటో, గీత కనిపించేలా తీసిన ఐదు నిమిషాల వీడియో ఆదివారం లోపు నాకు పంపండి.

మీ పెదనాన్న