తెగని మఠం పద్దు

జర్మనీలో హాంబర్గ్, బ్రెమెన్ మినహా మిగిలిన రాష్ట్రాలన్నీ ఏటా క్యాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిలకు ఖజానా నుంచి సొమ్ము చెల్లిస్తాయి. మొత్తం 50 కోట్ల యూరోల పైమాటే. చర్చి గడప తొక్కనివారి పన్ను కూడా అందులో కలుస్తుంది కాబట్టి, ఎందుకివ్వాలన్న ప్రశ్న మళ్లీ మళ్లీ లేస్తుంది. జవాబు ప్రధానంగా 1803లో ఉంది. బవేరియా దక్షిణాన ఆల్ప్స్ పాదాల దగ్గరున్న స్టైన్‌గాడెన్ వెళ్తే అది కళ్లకు కడుతుంది.

1147లో వెల్ఫ్ వంశపు ఆరో వెల్ఫ్ అక్కడ మఠం స్థాపించాడు. దాన్ని ఆరున్నర శతాబ్దాలపాటు ప్రెమోన్‌స్ట్రాటెన్షియన్ అనే క్యాథలిక్ సంఘపు సన్యాసులు నడిపారు. 1730లో గుడ్‌ఫ్రైడే ఊరేగింపు కోసం వారు ఒక క్రీస్తు బొమ్మ తయారుచేశారు. పాత చెక్క విగ్రహాల ముక్కలు అతికించి, పైన గుడ్డ చుట్టి, రంగు పూశారు. కొరడా దెబ్బలతో, సంకెళ్లతో ఉన్న ఆ రూపం జనాన్ని మరీ కలచివేసిందట. కొన్నేళ్లకే దాన్ని ఊరేగింపు నుంచి తప్పించి పక్కన పెట్టేశారు. అది ఒక పూటకూళ్ల ఇంటి అటక చేరింది. అక్కడి నుంచి పక్కనే వీస్ అనే పల్లెలో ఉన్న రైతు మహిళ మరియా లోరీ దాన్ని అడిగి తెచ్చుకుంది. 1738 జూన్ 14న బొమ్మ కళ్లలో నీళ్లు కనిపించాయని ఆ ఇంటివారు చెప్పారు. నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. కానీ యాత్రికులు మాత్రం తండోపతండాలుగా వచ్చారు.

వీస్‌లో ఆ బొమ్మకు కట్టిన చిన్న గుడి చాలక, 1745లో మఠం అక్కడే పెద్ద చర్చి పని మొదలుపెట్టింది. కట్టినవాడు డొమినికస్ జిమ్మర్‌మన్, పైకప్పు చిత్రాలు వేసింది ఆయన అన్న యోహాన్ బాప్టిస్ట్. ఆకాశంలా తెరుచుకున్నట్టు కనిపించే ఆ కప్పు రాతిది కాదు, చెక్కకు గచ్చు పూసింది. 1754లో ప్రతిష్ఠ జరిగేసరికి మఠం అప్పుల్లో కూరుకుపోయింది. జిమ్మర్‌మన్ మాత్రం ఆ చర్చిని వదలలేక పక్కనే ఇల్లు కట్టుకుని, 1766లో అక్కడే కన్నుమూశాడు.

ఆ తర్వాత నెపోలియన్ వచ్చాడు. రైన్ నదికి ఎడమగట్టు భూములు ఫ్రాన్సు పాలయ్యాయి. అవి పోగొట్టుకున్న జర్మన్ రాజులకు పరిహారం ఎక్కడి నుంచి? చర్చి ఆస్తుల నుంచి! ఒకరు పోగొట్టుకున్నదానికి ఇంకొకరి సొత్తు జమకట్టారన్నమాట. 1803 ఫిబ్రవరి 25న జర్మన్ సామ్రాజ్య ప్రతినిధులు చేసిన తీర్మానం మఠాలను రాజులకు అప్పగించింది. దాంతోపాటు, మిగిలిన కెథడ్రల్‌ల ఖర్చు, వీధినపడ్డ సన్యాసుల పింఛను భారం కూడా వారి మీదే పెట్టింది. దేవుడి మాన్యాలు సర్కారు చేతికి వెళ్లాక ధూపదీపాల ఖర్చు ఎవరిదన్న తగవు తెలుగువారికి కొత్త కాదు.

స్టైన్‌గాడెన్ మఠం భవనాల్లో చాలా భాగాన్ని 1819లో కూల్చేశారు. దాని చర్చి ఊరి పారిష్ చర్చిగా మిగిలింది. వీస్ చర్చినీ వేలం వేసి పడగొట్టాలనుకున్నారు, అయితే చుట్టుపక్కల రైతులు అడ్డుపడ్డారు. ఇప్పుడు ఏటా లక్షల మంది చూస్తున్న, 1983లో యునెస్కో జాబితాకెక్కిన కట్టడం ఆ మొండితనం వల్లే నిలిచింది. అటక మీది బొమ్మ ఇప్పటికీ దాని ప్రధాన పీఠం మీదే ఉంది.

నాటి పరిహారపు బాధ్యతలే కాలక్రమేణా ఒప్పందాలుగా మారి నేటి చెల్లింపులయ్యాయి. వాటిని ఒకేసారి తీర్చి వదిలించుకోవాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగమే చెప్పింది. 1949 రాజ్యాంగం ఆ మాటను అలాగే నిలుపుకుంది. ఏటా ఇచ్చేదానికి 18.6 రెట్లు చెల్లించి లెక్క ముగించాలని మూడు ప్రతిపక్షాలు తెచ్చిన బిల్లును పార్లమెంటు 2021లో తోసిపుచ్చింది. అదే ఏడాది చివర్లో గద్దెనెక్కిన సంకీర్ణం పరిష్కరిస్తానని మాటిచ్చింది. అంత మొత్తం ఎక్కడి నుంచి తేవాలని రాష్ట్రాలు ఎదురుతిరిగాయి. 2024లో సంకీర్ణమే కూలిపోయింది.