కడపలో చేతికొచ్చిన అయిదు గంటలు: అపోహలు – వాస్తవాలు

కడపలో పంతొమ్మిదేళ్లుగా కారు నడుపుతున్నాను. 2015లో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమయ్యాక నా కారెక్కే వారిలో కొత్త రకం ప్రయాణికులు చేరారు. పొద్దున ఒక విమానం దిగి, మధ్యాహ్నం ఇంకో ఊరి విమానం ఎక్కాల్సినవాళ్లు కొందరు, విమానం ఆలస్యమై మా ఊళ్లో ఆగిపోయినవాళ్లు కొందరు. వాళ్లు అడిగేవి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు. మనసులో పెట్టుకుని వచ్చే పొరపాటు నమ్మకాలు కూడా అంతే.

అపోహ: అయిదారు గంటలుంటే గండికోట చూసి రావచ్చు.

ఇది అన్నిటికంటే ముందు చెప్పాలి, ఎందుకంటే పదిమందిలో ఏడుగురు కారెక్కగానే అడిగేది గండికోటే. లెక్క వేసి చూడండి. పదింటికి దిగారు, మీ తర్వాతి విమానం మూడున్నరకు అనుకుందాం. సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి పదీ ఇరవై. రెండింటికల్లా మళ్లీ విమానాశ్రయంలో ఉండాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరడానికి గంటా ముప్పావు పడుతుంది. తిరిగి రావడానికీ అంతే. కొండ అంచున మీరు నిలబడేది పది నిమిషాలు. అది కూడా మిట్టమధ్యాహ్నం, నీడ లేని బండల మీద. పెన్నా నది కోసుకుంటూ పోయిన ఆ లోయను, కోటలోని మాధవరాయ ఆలయాన్ని, జామా మసీదును అలా చూడడం నాకు నచ్చదు. గండికోటకు ఒక సాయంత్రం, ఒక ఉదయం ఇవ్వాలి. అందుకు ఇంకోసారి రండి, నేనే తీసుకెళ్తాను.

ఆ అయిదున్నర గంటల్లోనే ఊళ్లోకి వెళ్తే? విమానాశ్రయం ఊరికి సుమారు 12 కిలోమీటర్లు. పోనూ రానూ అరగంట చొప్పున తీసేసినా మీకు రెండు గంటల నలభై నిమిషాలు మిగులుతాయి. కడపలో ఆ సమయం చాలా పెద్దది.

అపోహ: ఊళ్లో చూడడానికి ఏముంది?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. రెండేళ్ల కిందట ఒక పెద్దావిడ, తెలుగు పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు, ఇదే మాట అన్నారు. “ఒక్క గంట ఇవ్వండమ్మా” అని ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చి, ఇక్కడ తోటతో సహా ఒక బంగళా కొన్నారు. సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులు సేకరించి, వాటికి శుద్ధప్రతులు రాయించారు. ఆ బంగళా ఉన్న చోటే ఈ గ్రంథాలయం లేచింది. అందుకోసం ఏళ్ల తరబడి తిరిగినవారు రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించిన మనిషి ఇంటిచోటు వేమన పేరున్న విశ్వవిద్యాలయం చేతికి రావడం నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఆవిడ ఒక తాటాకు ముందు వంగి నిలబడ్డారు. ఘంటంతో గీసిన అక్షరాలు, ఆ గీతల్లో పట్టించిన మసి. పదానికీ పదానికీ మధ్య ఎడం లేదు, ఎక్కడ విరవాలో చదివేవారే తెలుసుకోవాలి. వేలు గాలిలో కదుపుతూ, కూడబలుక్కుంటూ ఒక పాదం పైకి చదివారు. అర్థం కుదిరాక నా వైపు చూశారు. తిరుగు దారిలో ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. సెలవు రోజుల్లో గ్రంథాలయం ఉండదు కాబట్టి ముందే కనుక్కుని బయలుదేరండి.

అపోహ: గుడికి ఎప్పుడైనా వెళ్లవచ్చు.

మధ్యాహ్నం గుళ్లు మూస్తారు. తక్కువ సమయం ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పొద్దున దిగితే ముందు దేవుని కడప, తర్వాతే మిగతావి. తిరుమలకు తొలి గడప అని పేరున్న ఈ లక్ష్మీ వేంకటేశ్వర స్వామి గుడికి ఉగాది నాడు ముస్లింలు కుటుంబాలతో వస్తారు. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అని వారి నమ్మకం. టెంకాయ కొట్టి, దండం పెట్టుకుని వెళ్తారు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు అది వింత కాదు, పండగలో భాగం.

ఒంటిమిట్ట ఊరికి 25 కిలోమీటర్ల పైచిలుకు. చేతిలో ఆరు గంటలుండి, పొద్దుటి పూట అయితేనే పెట్టుకోండి. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసిన చోటు అది, ఏకశిలానగరం అనేది అందుకే. గర్భగుడిలో రాముడి పక్కన హనుమంతుడు కనిపించడు. 1652లో ఈ గుడిని చూసిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ దీన్ని మెచ్చుకుంటూ రాశాడు. ఆ స్తంభాల మధ్య తీరిగ్గా తిరిగేంత సమయం లేకపోతే, నా మాట విని ఊళ్లోనే ఉండండి.

అపోహ: దర్గాకు ముస్లింలే వెళ్తారు.

కాదు. అమీన్ పీర్ దర్గాకు, మేము పెద్ద దర్గా అంటాం, అన్ని మతాలవారూ వస్తారు. సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ ఇక్కడికి తరచూ వస్తారని ఊరంతటికీ తెలుసు. తల మీద గుడ్డ కప్పుకుంటే చాలు. గుడి మూసిన మధ్యాహ్నం పూట నేను ఎక్కువగా ఇక్కడికే తీసుకెళ్తాను.

అపోహ: కడప తిండి కారం, ప్రయాణంలో పడదు.

“కారం తగ్గించి వేయండి” అంటే తగ్గించే వేస్తారు, అడగాలి అంతే. ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రకారం పెనం మీదే దోసెకు పలచగా పూసి, పైన పప్పుల పొడి చల్లుతారు. అంచు ఎర్రబడేదాకా ఆగి మడుస్తారు. పెనం పక్కన నిలబడి వేడిగా తినండి, పొట్లం కట్టిస్తే మెత్తబడిపోతుంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు తినాలనుకుంటే విమానానికి కనీసం మూడు గంటల ముందే తినండి. సంగటి నిండుగా ఉంటుంది.

అపోహ: చిన్న విమానాశ్రయం కదా, అరగంట ముందు వెళ్తే చాలు.

ఊరు చిన్నదైనంత మాత్రాన నిబంధన మారదు. సామాను అప్పగించే కౌంటరు సాధారణంగా విమానం బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారు. నా ప్రయాణికుడు ఒకరు యాభై నిమిషాల ముందు చేరారు. ఆయన ఎక్కాల్సిన విమానం ఇంకా దిగనే లేదు, అయినా లోపల కౌంటరు మూసేశారు. బతిమాలినా లాభం లేకపోయింది. ఆ రోజు నుంచి నేను గంటన్నర ముందే దించుతున్నాను.

ఇంకొక సంగతి. రెండు టికెట్లు వేరువేరుగా కొన్నవాళ్ల సామాను దానంతటదే రెండో విమానంలోకి వెళ్లదు. మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో తల పైన అరలు చిన్నవి, పెద్ద చేతిపెట్టె పట్టదు.

కారు మాట్లాడుకునేటప్పుడు విమానం బయలుదేరే సమయం కాకుండా, కౌంటరు మూసే సమయం డ్రైవరుకు చెప్పండి. నేను ఆ అంకెను ఒక చీటీ మీద రాసి స్టీరింగు పక్కన అంటించుకుంటాను.