అత్తలనీ బాబాయిలనీ వంశవృక్షంలో వదిలేయకండి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో వంశవృక్షం గీస్తామన్నారు, చాలా సంతోషం. చాలా ఇళ్లలో ఆ కాగితం మీద ముత్తాత, తాత, నాన్న, కొడుకు అని ఒకే నిలువు గీత దిగుతుంది. మేనత్త పెళ్లై వేరే ఇంటిపేరులోకి వెళ్లిందని, బాబాయికి పిల్లల్లేరని వదిలేస్తారు. ఇది అన్యాయం. చంకనెత్తుకు తిప్పిందీ, పరీక్ష ఫీజు కట్టిందీ చాలాసార్లు వాళ్లే. గీతతో ఆగకుండా అందరి వివరాలూ రాసే పుస్తకం ఒకటి పెట్టండి, అందులో మొదటి పేజీలు వాళ్లకివ్వండి.

ఒక్కొక్కరికి రెండు పేజీలు, ఒక నంబరు. ఆ నంబరు ఎప్పటికీ మార్చొద్దు. మేనరికాలున్న ఇళ్లలో ఒకే మనిషి అమ్మకు తమ్ముడూ అవుతాడు, అక్కకు మొగుడూ అవుతాడు. నంబరు లేకుండా ఒకచోట మామయ్య అనీ, ఇంకోచోట బావ అనీ రాస్తే తర్వాతి తరం ఇద్దరనుకుంటుంది. ఉత్త ‘అత్తయ్య’ అని రాసినా చిక్కే: నాన్న చెల్లెలా, మేనమామ భార్యా? ‘నాన్నకు రెండో చెల్లెలు’ అని విడమర్చండి. ‘కాక’, ‘చిన్నాయన’, ‘పెద్దబాపు’ అని పిలిచే ఇళ్లలో ఆ పిలుపే ఉంచి, పక్కన వరస రాయండి. చుట్టరికం లేకపోయినా బాబాయి అని పిలిపించుకున్న పక్కింటాయనకూ ఒక పేజీ ఇవ్వండి, ‘పిలుపు మాత్రమే’ అని గుర్తు పెట్టి.

పేరు దగ్గర బడిలో పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, ఇవన్నీ ఉండాలి. పుట్టింటి ఇంటిపేరు రాయకపోతే రెండు తరాలు దాటాక ఆవిడ ఎవరి ఆడపడుచో చెప్పేవాళ్లుండరు.

ఎక్కువ తప్పులు తేదీల్లోనే వస్తాయి. పెద్దవాళ్లలో చాలామందికి బడిలో వేయించిన పుట్టినతేదీ నిజం తేదీ కాదు. రెండూ రాసి, ఏది ఎక్కడిదో చెప్పండి. తేదీ తెలియనివాళ్లని ఊరంతా గుర్తుపెట్టుకున్న సంగతులతో అడగండి: 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1986 ఆగస్టులో గోదావరి వరద. ‘గోదావరి పుష్కరాల ఏడు’ అంటే అక్కడితో ఆగకండి. అవి పన్నెండేళ్లకోసారి వస్తాయి, 1967, 1979, 1991ల్లో ఏవో తేల్చుకోండి. శుభలేఖ మీద ‘క్రోధి నామ సంవత్సర మాఘమాసం’ అని ఉంటే చాలామంది 1964 అని వేసేస్తారు. క్రోధి 1964 ఉగాదికి మొదలైంది, దాని మాఘం వచ్చేసరికి 1965 వచ్చేసింది. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి 2024–25 కూడా క్రోధే.

ఊరు శుభలేఖలో ఉన్నట్టే దించండి, పక్కన ఇప్పటిది రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. జిల్లాలు తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో మారాయి. పాత శుభలేఖలో గుంటూరు జిల్లా నరసరావుపేట ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. జిల్లా, మండలం లేకుండా ‘కొత్తపల్లి’ అని రాస్తే ఏ కొత్తపల్లో ఎవరికీ తెలియదు. చదివింపుల పుస్తకం దొరికితే మాత్రం పారేయనివ్వకండి. ఏ చుట్టం ఏ ఊరినుంచి వచ్చాడో అంత వివరంగా ఇంకెక్కడా దొరకదు.

పాత ఫోటోల వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, నొక్కు ముందువైపు తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, ఎడమనుంచి కుడికి వరసగా పేర్లు రాయండి. సెల్లోటేపు అసలే వద్దు, దాని జిగురు కొన్నాళ్లకు పసుపు మరకవుతుంది. పేర్లు తెలియకపోతే ఆచారమే ఆధారం. పెళ్లికూతురిని గంపలో మోసుకొస్తున్నవాళ్లు, చెవులు కుట్టేటప్పుడు బిడ్డను ఒళ్లో పెట్టుకున్నాయన మేనమామలయ్యే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లకు చూపించి ఖాయం చేసుకోండి.

మాట్లాడించేటప్పుడు ఫ్యాను ఆపండి, లేకపోతే రికార్డింగులో దాని హోరే వినిపిస్తుంది. ఫోను మూరెడు దూరంలో పెట్టి, తేదీ, పేరు ముందుగా పలికించండి. ముప్పావుగంట దాటనివ్వొద్దు, పెద్దవాళ్లు అలసిపోతారు. ‘పిన్ని ఎలాంటిది?’ అనడిగితే ‘చాలా మంచిది’ అంటారు, అంతే. ‘పండక్కి ఏం పట్టుకొచ్చేది? కోపమొస్తే ఏమనేది? ఏ బస్సులో వచ్చేది?’ అనడగండి, మనిషి కళ్లముందుకొస్తుంది. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఎవరేది చెప్పారో పేరుతో సహా. మీరు తీర్పు చెప్పొద్దు.

పెద్దమ్మ పచ్చడి కొలత ‘గుప్పెడు, గిద్దెడు’ అని రాసుకుంటే చాలదు. గుప్పెడు చేతికో తీరుగా ఉంటుంది, పాత కొలపాత్రలు ఊరికో తీరుగా ఉండేవి. ఆవిడ చేతనే తీయించి, ఆ కారాన్నీ ఉప్పునీ త్రాసు మీద పోసి గ్రాముల్లో రాయండి. ఆవిడ మాట కూడా పక్కనే ఉంచండి.

అప్పులు, ఆస్తి తగాదాలు, తెగిపోయిన సంబంధాలు ఎవరైనా నమ్మి చెబితే అవి పుస్తకంలోకి ఎక్కించొద్దు. వేరే కాగితం మీద రాసి, చెప్పినవాళ్లనే అడగండి, ఎప్పుడు ఎవరికి చూపొచ్చో.

అంతా అయ్యాక మీ పుస్తకానికి జెరాక్సులు తీయించి ప్రతి అత్త ఇంటికీ, మామ ఇంటికీ ఒకటి పంపండి. అందుకోసం రాసేటప్పుడే ప్రతి పేజీలో కింద పావుభాగం ఖాళీగా వదలండి. దిద్దుబాట్లు వాళ్లు ఎర్రసిరాతో రాసి, కింద పేరూ తేదీ వేసి తిప్పిపంపుతారు. పాతది కొట్టేయకుండా వాటిని మీ అసలు ప్రతిలో ఎక్కించండి.

ఇట్లు,
మీ పెదనాన్న