180 డిగ్రీల పల్సు దగ్గర సిగ్నల్ ఎందుకు మాయమవుతుంది?

ఎన్ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో పెట్టిన నమూనాకు రేడియో పల్సు ఇచ్చి, పరమాణు కేంద్రకాల నుంచి వచ్చే స్పందనను చదివే పద్ధతి) సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుందని తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే పిల్లల్ని అడగండి. చాలామంది చెప్పేది ఒకటే: ప్రోటాన్ పై శక్తిస్థాయి నుంచి కిందికి దిగుతూ రేడియో తరంగం వదులుతుంది, నమూనా పక్కనున్న తీగచుట్ట, అంటే కాయిల్, దాన్ని పట్టుకుంటుంది. ఈ మాట నిలవదు. తేల్చుకోవడానికి ఒక్క ట్యూబు చాలు.

5 మి.మీ. ట్యూబులో 0.6 మి.లీ. భారజలం (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీళ్లు) పోయండి. అందులో మిగిలిన కాస్త మామూలు హైడ్రోజన్ ఇచ్చే పీకును చూడాలి. నమూనా, కాయిల్ ఉండే భాగాన్ని, అంటే ప్రోబ్‌ను, ప్రోటాన్ల పౌనఃపున్యానికి సరిపెట్టండి (ట్యూన్, మ్యాచ్ చేయండి). ప్రోటాన్ల మొత్తం అయస్కాంతత్వాన్ని 90 డిగ్రీలు తిప్పడానికి 10 మైక్రోసెకన్ల రేడియో పల్సు (90 డిగ్రీల పల్సు) చాలనుకుందాం: పీకు నిండుగా వస్తుంది. అప్పుడు రెండు స్థాయిల్లోనూ ప్రోటాన్లు సమానం! 20 మైక్రోసెకన్లు, అంటే 180 డిగ్రీల పల్సు, ఇస్తే పై స్థాయిలోనే ఎక్కువమంది ఉంటారు, దిగడానికి సిద్ధంగా. పీకు మాత్రం సున్నా. ప్రతి పల్సుకూ మధ్య కనీసం నిమిషం ఆగాలి. తొందరపడితే ప్రోటాన్లు పూర్తిగా కోలుకోవు, కొలత తప్పుతుంది.

సైకిల్ డైనమో గుర్తుందా? అలిపిరి వైపు తొక్కేటప్పుడు చక్రంతో పాటు అయస్కాంతం తిరుగుతుంది, పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఇక్కడా అంతే. 90 డిగ్రీల పల్సు మొత్తం అయస్కాంతత్వాన్ని అడ్డంగా పడుకోబెడుతుంది, అది బొంగరంలా తిరుగుతుంటే కాయిల్‌లో వోల్టేజీ వస్తుంది. 180 డిగ్రీలకు అది తలకిందులుగా నిలబడుతుంది. అడ్డంగా తిరిగేదేమీ లేదు, కాబట్టి వోల్టేజీ లేదు. 1946లో భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాక్ దీనికి పెట్టిన పేరే 'కేంద్రక ప్రేరణ'.

అయస్కాంత క్షేత్రం 9.4 టెస్లా ఉన్నప్పుడు ప్రోటాన్ల పౌనఃపున్యం 400 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 75 సెం.మీ. కాయిల్ చూస్తే సెంటీమీటర్ల సైజు, నమూనాకు ఆనుకునే ఉంటుంది. అంటే అది దూరం నుంచి వచ్చే రేడియో తరంగాన్ని పట్టుకోవడం లేదు. ఒంటరి ప్రోటాన్ తనంతట తాను ఫోటాన్ వదలాలంటే పట్టే కాలం విశ్వం వయసుకు వేల రెట్లు.

భారజలం బదులు మామూలు నీళ్లు పోస్తే 20 మైక్రోసెకన్ల దగ్గరా సిగ్నల్ లేచి కూర్చుంటుంది. అది ఫోటాన్ల పని కాదు. బలమైన సిగ్నల్ పుట్టించిన కాయిల్ కరెంటే తిరిగి ప్రోటాన్లను తోస్తుంది. దీన్ని రేడియేషన్ డ్యాంపింగ్ అంటారు, 'రేడియేషన్' అనే పేరే దారి తప్పిస్తుంది.

అయితే క్వాంటం అక్కర్లేదా? కావాలి. ప్రోటాన్‌కు స్పిన్ (దాన్ని చిన్న అయస్కాంతంలా చేసే సహజ గుణం) ఉండటమే క్వాంటం సంగతి. గది ఉష్ణోగ్రతలో 9.4 టెస్లా దగ్గర 10 లక్షల ప్రోటాన్లకు రెండు స్థాయిల మధ్య తేడా సుమారు 32 మాత్రమే; ఆ 32 నుంచే మన బొంగరం తయారవుతుంది. రెండు స్పిన్లు జతకట్టి 'డబుల్ క్వాంటం' స్థితిలోకి (రెండూ కలిసి ఒకేసారి స్థాయి మారడానికి సంబంధించిన స్థితి) వెళితే బొంగరం బొమ్మ చేతులెత్తేస్తుంది: కాయిల్‌కు అక్కడ ఏమీ కనిపించదు, ఇంకో పల్సుతో దాన్ని అడ్డంగా తిరిగే అయస్కాంతత్వంగా మారిస్తేనే వోల్టేజీ వస్తుంది.