వాపు మందు కిడ్నీ మందైన వైనం

గోదావరి డెల్టాలో ఎవరికైనా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే పెరిగే వ్యర్థం) పెరిగిందని తెలిస్తే చాలు, గలిజేరు కషాయం తాగమని చెప్పేవాళ్లు ఇంటికే వస్తారు. కాలువ గట్టు మీదా, కొబ్బరితోటల్లోనూ మొలిచేదే, పైసా ఖర్చు లేదు. దానికి మంచి పేరు ఉన్న మాటా నిజమే. అయితే ఆ పేరు వాపుకు మందుగా వచ్చింది, కిడ్నీకి కాదు.

పాత వైద్యగ్రంథాలు గలిజేరు పేరుతో వాడే పునర్నవను చెప్పింది శోథకు, అంటే ఒంటి వాపుకు. పాదం నొక్కితే గుంట పడటం, పొట్టలో నీరు చేరటం వైద్యుడి కంటికి కనబడేవి. అవి తగ్గితే మందు పనిచేసినట్టే లెక్క. క్రియాటినిన్ కొలిచే వీలు అప్పట్లో లేదు. తర్వాత కలకత్తాలో రామనాథ్ చోప్రా బృందం ఈ మొక్కను పరీక్షించి, మూత్రం జారీ చేసే గుణం ఉందనీ, అందులో పొటాషియం లవణాల పాత్ర ఉందనీ తేల్చింది. చిక్కంతా ఇక్కడే. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని సరిగా బయటకు పంపలేదు. రక్తంలో అది లీటరుకు 6 మిల్లీమోల్స్ దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. బీపీకి వాడే టెల్మిసార్టాన్, నీరు పోవడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ కూడా పొటాషియాన్ని పెంచేవే. పైగా కాళ్ల వాపు తీసినంత మాత్రాన కిడ్నీ బాగుపడినట్టు కాదు.

అసలు పునర్నవ అటికమామిడి. దాన్నీ, దాని పక్కనే పాకే మరో మొక్కనూ జనం గలిజేరనే అంటారు. రెండింటికీ ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తేడా పూత దగ్గర తెలుస్తుంది. అటికమామిడి పూలు సన్నని పొడుగు కాడల మీద చిన్న గుత్తులుగా ఉంటాయి, జిగురు కాయలు బట్టలకు అంటుకుంటాయి, తవ్వితే లావుపాటి వేరు. రెండోదాని కొమ్మలు కండపట్టి ఉంటాయి, పువ్వు కాడ లేకుండా ఆకు మొదట్లో ఒంటరిగా ఇరుక్కుని ఉంటుంది. ఈ రెండోదానిలో ఆక్జలేట్లు, అంటే కాల్షియంతో కలిసి స్ఫటికాలు కట్టే లవణాలు, బాగా ఎక్కువ. ఎండబెట్టి పొడి కొట్టాక ఏది ఏదో కంటితో చెప్పలేం.

కూరగా తినేవాళ్లు ఆకు ఉడికించి, నీళ్లు వార్చి, గట్టిగా పిండి పప్పులో వేస్తారు. కరిగే ఆక్జలేట్లూ పొటాషియమూ చాలావరకు ఆ నీళ్లతోనే పోతాయి. కషాయమంటే ఒక పాలు మూలికకు 16 పాళ్ల నీళ్లు పోసి ఎనిమిదో వంతుకు మరిగించటం. అంటే పారబోయాల్సిన నీళ్లనే చిక్కబెట్టి తాగటం. అది రోజూ తాగితే ఆక్జలేట్ స్ఫటికాలు కిడ్నీలో పేరుకుని, మిగిలిన కాస్త శక్తినీ తినేయవచ్చు.

ఇలాంటి పొడిని కిడ్నీ మందని పొట్లాల్లో ఇస్తున్నది చట్టం లేక కాదు. కిడ్నీకి సంబంధించిన బ్రైట్స్ వ్యాధినీ, చక్కెర వ్యాధినీ నయం చేస్తామన్న ప్రకటనలను 1954 చట్టం నిషేధించింది. మందుల తయారీపై ఉన్న మరో చట్టానికి, 1940 నాటి దానికి, 1964లో చేసిన సవరణతో ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సు విధానం వచ్చింది. కానీ వైద్యుడు తన రోగికి స్వయంగా చేసి ఇచ్చే మందుకు ఆ లైసెన్సు అక్కర్లేదు. పొట్లంలో ఏముందో రాసి ఉండకపోవటానికి ఇదొక కారణం.

కిడ్నీలు బాగున్నవాళ్లు అప్పుడప్పుడు పప్పులో వండుకుంటే ఇబ్బంది లేదు. జబ్బు ఉన్నవాళ్లు ఇప్పటికే కషాయం తాగుతుంటే ఆపేసి, ఆలస్యం చేయకుండా పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం ఆపకూడదు. పొడి అయితే ఆ పొట్లం, ఆకైతే పూతతో ఉన్న కొమ్మ పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి, తిడతారని దాచకండి.