పసిపిల్లలతో వైద్య పరిశోధన: అపోహలు – వాస్తవాలు

"మీ పాపను ఒక స్టడీలో చేర్చుకుంటాం" అని డాక్టరు అనగానే ఇంట్లో రెండు మాటలు లేస్తాయి. "మన పిల్లేమన్నా ఎలుకా?" అని ఒకరు. "పెద్ద డాక్టర్లు ఉచితంగా చూస్తారట, వదులుకోకండి" అని ఇంకొకరు. మా లెక్కలో రెండో మాటే ఎక్కువ ఇబ్బంది. భయపడినవాళ్లు ప్రశ్నలైనా అడుగుతారు, మురిసిపోయినవాళ్లు అదీ అడగరు.

అపోహ: పెద్దవాళ్ల మందే డోసు తగ్గించి ఇస్తే పోయేదానికి పిల్లలపై పరిశోధన ఎందుకు?

1950ల చివర్లో పసికందులకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అలాగే ఇచ్చారు. దాన్ని మార్చి బయటకు పంపే శక్తి అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయానికి చాలినంత ఉండదు, మూత్రపిండాలూ ఇంకా పూర్తిగా పని అందుకోవు. మందు రక్తంలో పేరుకుపోయి, పొట్టలు ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి బిడ్డలు చనిపోయారు. దానికి 'గ్రే బేబీ సిండ్రోమ్' అనే పేరు అలా వచ్చింది. డోసు బరువును బట్టి మాత్రమే తేలదు. పసివాళ్లకే వేసే టీకానైతే వాళ్లతోనే పరీక్షించాలి. ఇప్పుడు 6, 10, 14 వారాలకు వేసే రోటావైరస్ (విరేచనాలు తెచ్చే వైరస్) చుక్కల సంగతే చూడండి. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్‌ను ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది శిశువులతో పరీక్షించారు. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చినప్పుడు తొలి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అపోహ: ట్రయల్‌లో (మందును మనుషులపై పరీక్షించే స్టడీలో) చేరితే కొత్త మందు దక్కినట్టే.

ఎవరికి కొత్త మందు, ఎవరికి పాతది అన్నది చాలా ట్రయల్స్‌లో చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. మీ డాక్టరుకి కూడా తెలియకపోవచ్చు. పైగా కొత్తదే మెరుగని ముందే తెలిసుంటే ట్రయలే అక్కర్లేదు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం తప్పక అడగండి: "చేరకపోతే మా బాబుకు ఏ చికిత్స ఇస్తారు?" దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ రోజు సంతకం పెట్టకండి.

అపోహ: సంతకం ఎవరు పెట్టినా ఒకటే.

2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వేసిన ప్రాజెక్టు 2010లో ఆగిపోయింది. చాలా ఫారాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారని విచారణలో బయటపడింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అక్కడ తప్పు జరిగింది సంతకం దగ్గర.

నాన్న గల్ఫ్‌లో ఉండి, అమ్మ డ్యూటీకి వెళ్లి, నాయనమ్మ పిల్లాణ్ని తీసుకొస్తే ఆమె సంతకం చెల్లదు, చట్టప్రకారం సంరక్షకురాలైతే తప్ప. చదవడం రానివాళ్లకు పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి, ఆ తర్వాతే వేలిముద్ర. ఎక్కువగా జరిగే పొరపాటు తేదీ దగ్గర: ఓపీ రద్దీలో తల్లి సంతకం పెడుతుంది, తేదీ ఇంకెవరో వేస్తారు. ఎవరి సంతకం పక్కన వాళ్లే తేదీ వేయాలి. ఫారం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే కాదనకూడదు. సంతకాలయ్యాక ఒక ప్రతి మీ చేతికి రావాలి. పూర్తిగా కొత్త మందైతే ఈ సంభాషణను వీడియో తీస్తారు, కంగారు పడకండి, అది మీకూ రక్షణే.

పిల్లల మాటకూ విలువుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్లను నోటిమాటగా, ఆపై 18 వరకు రాతపూర్వకంగా ఒప్పుకుంటారా అని అడగాలి. ఇంకా చిన్నవాళ్లకు ఏడుపే భాష. రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే ఆ రోజుకు చాలించమనండి.

అపోహ: సీసాలకు సీసాలు రక్తం తీసేస్తారు.

పసివాళ్లలో కిలో బరువుకు దాదాపు 80 మి.లీ. రక్తం ఉంటుంది. 10 కిలోల పిల్లాడికి 800 మి.లీ. అన్నమాట. పరిశోధన కోసం ఒకసారికి 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటొద్దని ఐరోపా మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఈ పిల్లాడికి ఒకసారికి 8, నెలకు 24 మి.లీ. గడ్డకట్టి పారేసిన శాంపిల్ కూడా ఈ లెక్కలోదే. రక్తహీనత ఉంటే ఇంకా తగ్గించాలి. నొప్పి తెలియకుండా చర్మానికి రాసే క్రీము పనిచేయడానికి గంట పడుతుంది. పది నిమిషాల ముందు రాసి "దీనివల్ల లాభం లేదు" అనేస్తుంటారు. లోపం క్రీముది కాదు.

వెళ్లే రోజు ఇంట్లో చూసుకోవాల్సినవి: ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) ఉంటే ముందురోజు తలంటి, నూనె రాయకుండా తీసుకురండి. నూనె తలపై ఎలక్ట్రోడ్లు సరిగా పట్టవు, గీతలన్నీ గజిబిజిగా వస్తాయి. ఎమ్మారై అయితే మొలతాడు, దాని తాయెత్తు, పట్టీలు, చెవిపోగులు, టిచ్ బటన్ల చొక్కా తీసేయాలి, కాటుక తుడిచేయాలి. మొలతాడు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు, గుమ్మం దగ్గర వాదన మొదలయ్యేసరికి నిద్రపోయిన పిల్లాడు లేచి కూర్చుంటాడు. ఈ మాట ముందు రోజే ఇంట్లో తేల్చుకోండి. బరువు తూచేటప్పుడు వెండి పట్టీలు, తడిసిన డైపరు కూడా తూకంలో కలుస్తాయి.

మందు చెంచాతో కాదు, వాళ్లిచ్చిన సిరంజితోనే కొలవండి. కక్కేస్తే మీ అంతట మీరు మళ్లీ పట్టకుండా ఫోన్ చేయండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్, ఇంట్లో అరగదీసి నాకించిన వస, ఏదైనా డైరీలో రాయండి. తిడతారని దాచేస్తే ఫలితం తప్పడం ఒక్కటే కాదు, రెండు మందులకు పడకపోతే బిడ్డకే ముప్పు.

అపోహ: ఒకసారి చేరితే బయటకు రాలేం.

ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు. కానీ స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు చటుక్కున ఆపితే ప్రమాదం. మానుకుంటున్నామని ముందు చెప్పండి, ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు.

అపోహ: ఏమైనా అయితే మన ఖర్మే.

కాదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్‌లో హాని జరిగితే అవసరమైనంత కాలం, లేదా ట్రయల్‌కు సంబంధం లేదని తేలేవరకు, ఉచిత వైద్యం ఇవ్వాలి. సంబంధం ఉందని తేలితే పరిహారం కూడా. తీవ్ర సంఘటన తెలిసిన 24 గంటల్లో డాక్టరు పైవాళ్లకు తెలియజేయాలి. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, అది విరేచనాలకైనా, మంచం మీంచి పడినందుకైనా, తీవ్ర సంఘటన కిందే లెక్క. అందుకే ఎమర్జెన్సీలో దగ్గరి ఆసుపత్రికే వెళ్లండి, కానీ అదే రోజు ట్రయల్ కార్డు మీది నంబరుకు ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితాలు, బిల్లులు దాచండి.

సంతకానికి ముందు ఫారంలో మరో రెండు వెతకండి. ఒకటి సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు జాబితా) నంబరు: 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌కు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. రెండోది ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) ఫోను నంబరు. ఆ కమిటీలో సగం మందైనా ఆ సంస్థకు బయటివాళ్లు ఉండాలి. డాక్టరుతో చెప్పుకోలేని ఫిర్యాదుకు ఆ నంబరు పనికొస్తుంది, ఇంటికి రాగానే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.