సుంకాలకు ఒక రూలు, ఆంక్షలకు ఇంకో రూలు: ఈయూ గురించి అపోహలు - వాస్తవాలు

యూరోపియన్ యూనియన్ (ఈయూ) తీసుకునే నిర్ణయాల్లో ఏది అమలవుతుందో, ఏది కాగితం మీదే ఆగిపోతుందో చదివి చెప్పడం నా ఉద్యోగం. కౌన్సిల్ (సభ్య దేశాల ప్రభుత్వాల వేదిక) తీర్మానాలు, కమిషన్ (ఈయూ కార్యనిర్వాహక విభాగం) నిబంధనలు, కోర్టు అభిప్రాయాలతోనే పొద్దు గడుస్తుంది. బ్రస్సెల్స్ నుంచి ఏ వార్త వచ్చినా జనం నన్ను అడిగే ప్రశ్నలు రెండే. "27 దేశాలు కలిసి ఈమాత్రం పని చేయలేవా?" అని కొందరు, "అంత పెద్ద మార్కెట్ చేతిలో ఉండి ఎందుకు తగ్గారు?" అని కొందరు. న్యాయమైన ప్రశ్నలే. చిక్కంతా మనం ఈయూని అన్ని విషయాల్లోనూ ఒకే వస్తువుగా చూడటంలో ఉంది. సుంకాల దగ్గర అది దాదాపు ఒక దేశంలా నడుస్తుంది. విదేశాంగం దగ్గరికి వచ్చేసరికి 27 దేశాలు కూర్చున్న సభ అవుతుంది. రక్షణ అయితే ఇప్పటికీ సగం కట్టిన ఇల్లే. బయటివాళ్లు మాత్రం ఈ మూడింటినీ కలిపే బేరం పెడతారు. ఈయూకి ఎక్కువ దెబ్బలు తగిలేది అక్కడే.

అపోహ: ఈయూకి ఒకే విదేశాంగ విధానం ఉంది

విదేశాంగ ప్రతినిధి ఉన్నారు. 2024 డిసెంబరు నుంచి ఆ పదవిలో ఉన్నది ఎస్తోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్. ప్రపంచమంతటా ఈయూ దౌత్య కార్యాలయాలూ ఉన్నాయి. అయితే 27 దేశాల పేరు మీద ఒక్క ప్రకటన రావాలంటే 27 రాజధానులూ దానికి ఒప్పుకోవాలి.

2023 అక్టోబరు 26న జరిగిన శిఖరాగ్ర సమావేశాన్ని తీసుకోండి. గాజాలో సాయం అందించడానికి కాల్పులు ఆపాలని కోరుతూ నాయకులు తీర్మానం రాస్తున్నారు. "విరామం" అని రాయాలా, "విరామాలు" అని రాయాలా అన్న దగ్గర పీటముడి పడింది. ఏకవచనం రాస్తే పూర్తి కాల్పుల విరమణ కోరినట్టు అవుతుందని కొన్ని దేశాల భయం. గంటల తరబడి మాట్లాడుకుని చివరికి బహువచనానికి ఒప్పుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం. మరుసటి రోజు అదే గాజాపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగ్ జరిగింది. అందులో ఈయూ దేశాల్లో 8 అనుకూలంగా, 4 వ్యతిరేకంగా ఓటేశాయి, 15 తటస్థంగా ఉండిపోయాయి. ఒక బహువచనం కోసం రాత్రి దాకా కూర్చుని సాధించిన ఐకమత్యం ఒక్కరోజు కూడా నిలవలేదు. ఈ వృత్తిలో నన్ను బాగా బాధపెట్టిన రోజుల్లో అదొకటి.

ఈ ఏకగ్రీవం రోజువారీ పనిలో ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. దౌత్యవేత్తల దగ్గర "సైలెన్స్ ప్రొసీజర్" అనే పద్ధతి ఒకటుంది. ముసాయిదా అన్ని దేశాలకూ పంపి ఒక గడువు పెడతారు. ఆలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఏ ఒక్కరు అభ్యంతరం రాసినా "సైలెన్స్ బ్రేక్ అయింది" అంటారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది. గడువుకు ముందు చివరి అరగంటలో ఉండే టెన్షన్ బయటికి కనపడదు. చాలాసార్లు అంతా అయిపోయిందనుకున్నాక ఆఖరి నిమిషంలో ఒక రాజధాని నుంచి రెండు వాక్యాల మెయిల్ వస్తుంది.

మరి వీటో ఉంటే దారి మూసుకుపోయినట్టేనా? అలా ఏమీ లేదు. 2023 డిసెంబరు 14న ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టే నిర్ణయం తీసుకునేటప్పుడు హంగరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ గదిలోంచి బయటికి వెళ్లారు, మిగిలిన 26 మంది సరేనన్నారు. కానీ అదే సమావేశంలో ఉక్రెయిన్‌కు 50 బిలియన్ల యూరోల సాయాన్ని ఆయనే ఆపేశారు. అది తేలడానికి 2024 ఫిబ్రవరి 1న ఇంకో సమావేశం పెట్టాల్సి వచ్చింది.

అపోహ: ఏ నిర్ణయానికైనా 27 దేశాలూ చేతులెత్తాలి

పై కథ విన్నవాళ్లు సాధారణంగా వచ్చే నిర్ణయం ఇదే. వాణిజ్యంలో ఇది పూర్తిగా తప్పు.

చైనా ఎలక్ట్రిక్ కార్లపై అదనపు సుంకాల ఉదంతం చూడండి. 2024 అక్టోబరు 4న సభ్య దేశాలు ఓటు వేశాయి. అనుకూలంగా 10, వ్యతిరేకంగా 5, తటస్థంగా 12. వ్యతిరేకించిన అయిదింటిలో యూరప్‌లోనే అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అయిన జర్మనీ ఉంది. అయినా అక్టోబరు నెలాఖరుకల్లా సుంకాలు అమల్లోకి వచ్చాయి. అప్పటికే ఉన్న 10 శాతం మీద చైనా కార్ల కంపెనీలు బీవైడీకి 17, జీలీకి 18.8, ఎస్ఏఐసీకి 35.3 శాతం.

27లో 10 దేశాలే ఒప్పుకుంటే ఎలా చెల్లింది అని అప్పట్లో చాలామంది అడిగారు. ఇక్కడ లెక్క తలకిందులుగా ఉంటుంది. ఇలాంటి సుంకాల ప్రతిపాదన నెగ్గడానికి మెజారిటీ అక్కర్లేదు, దాన్ని ఆపడానికే మెజారిటీ కావాలి. అది కూడా మామూలు మెజారిటీ సరిపోదు. కనీసం 15 దేశాలు, వాటిలో ఈయూ జనాభాలో 65 శాతం ఉండాలి. అయిదు దేశాలు ఎంత గట్టిగా అరిచినా ఆ గీత దాటవు. తటస్థంగా ఉన్న 12 దేశాలు, ఆ మాటకొస్తే, కమిషన్‌కు దారి వదిలినట్టే. బీజింగ్‌ను నేరుగా ఎదిరించకుండా, కమిషన్‌ను అడ్డుకోకుండా ఉండటానికి అదే తేలికైన దారి.

అపోహ: సంతకం పడిందంటే వాణిజ్య ఒప్పందం అమలైనట్టే

కెనడాతో ఒప్పందం చర్చలు 2009లో మొదలయ్యాయి. 2016 అక్టోబరులో కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో సంతకానికి రావాల్సిన వారంలో అది ఆగిపోయింది. ఆపింది ఏ దేశమూ కాదు. బెల్జియంలో ఒక ప్రాంతమైన వలోనియా, జనాభా సుమారు 36 లక్షలు. బెల్జియం సంతకం చేయాలంటే ప్రాంతీయ పార్లమెంట్ల సమ్మతి కూడా కావాలి. వలోనియా అధినేత పాల్ మాగ్నెట్ రైతుల గురించి, పెట్టుబడిదారులు ప్రభుత్వాల మీద వేసే దావాల గురించి హామీలు అడిగారు. రాతపూర్వకంగా వివరణలు జోడించాక అక్టోబరు 30న సంతకాలు జరిగాయి.

అప్పుడు అందరూ వలోనియాను తిట్టారు. నేను మాత్రం అలా అనలేను. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో పస ఉంది, వాటిని ఏడేళ్ల చర్చల్లో ముందే అడిగి ఉండాల్సింది.

ఆ ఒప్పందంలో ఎక్కువ భాగం 2017 సెప్టెంబరు 21 నుంచి "తాత్కాలికంగా" అమల్లో ఉంది. పెట్టుబడి వివాదాల ట్రిబ్యునల్ భాగం మాత్రం అన్ని సభ్య దేశాలూ ఆమోదించేదాకా అమల్లోకి రాదు. 2017 మేలో సింగపూర్ ఒప్పందంపై ఈయూ న్యాయస్థానం చెప్పిన అభిప్రాయం దీనికి ఒక దారి చూపింది. పూర్తిగా ఈయూ పరిధిలోని అంశాలకు దేశాల పార్లమెంట్ల ఆమోదం అక్కర్లేదు, పెట్టుబడి వివాదాల పరిష్కారం లాంటి వాటికి కావాలి. అప్పటినుంచి కమిషన్ ఈ రెండింటినీ విడదీసి ఒప్పందాలు రాస్తోంది. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన జపాన్ ఒప్పందంలో పెట్టుబడి రక్షణ భాగమే లేదు. దక్షిణ అమెరికా దేశాల మెర్కోసుర్ ఒప్పందాన్నీ 2025లో రెండు పత్రాలుగానే ముందుకు తెచ్చారు.

అపోహ: ఈయూ కార్బన్ పన్నును ఎగుమతి చేసే దేశం కడుతుంది

బయటి దేశాల్లో సరుకు తయారయ్యేటప్పుడు వెలువడిన కార్బన్‌కు ఈయూ సరిహద్దులో వేసే రుసుము ఇది. చిన్న విషయమే కానీ రోజూ వినిపిస్తుంది. కట్టేది ఈయూలో ఉన్న దిగుమతిదారు. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, విద్యుత్, హైడ్రోజన్‌కు ఇది వర్తిస్తుంది. 2023 అక్టోబరు నుంచి లెక్కలు చూపించడమే ఉండేది, అసలు భారం 2026 జనవరి నుంచి మొదలైంది. ఎగుమతిదారు మీద పడేది లెక్కలు సిద్ధం చేసే పని, ధర తగ్గించమనే ఒత్తిడి. అదేమీ తక్కువ భారం కాదు, ముఖ్యంగా చిన్న ఫ్యాక్టరీలకు.

అపోహ: 45 కోట్ల మంది మార్కెట్ ఉంటే ఎవరికీ తగ్గక్కర్లేదు

2025 జులై 27న స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీలో కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లెయెన్, అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కలిసి కూర్చుని ఒప్పందం ప్రకటించారు. ఈయూ నుంచి అమెరికాకు వెళ్లే సరుకుల్లో చాలావాటిపై 15 శాతం సుంకం. బదులుగా అమెరికా పారిశ్రామిక వస్తువులపై ఈయూ తన సుంకాలు తీసేయాలి. దానికి మూడు రోజుల ముందే ఈయూ 93 బిలియన్ల యూరోల విలువైన అమెరికా సరుకులపై ప్రతీకార సుంకాల జాబితాను ఆమోదించి పెట్టుకుంది. జాబితా ఉంది, అధికారం ఉంది, సభ్య దేశాల మద్దతూ ఉంది. ఆగస్టులో దాన్ని పక్కన పెట్టేశారు.

ఎందుకు? సుంకాల పోరు సుంకాల దగ్గరే ఆగితే ఈయూ గట్టిగానే నిలబడగలదు. కానీ అదే సమయంలో ఉక్రెయిన్‌కు అమెరికా ఆయుధాలు కావాలి, నిఘా సమాచారం కావాలి. తూర్పు సరిహద్దు దేశాలకు అమెరికా సేనలు కావాలి. పోలండ్‌కో లిథువేనియాకో మోటారు కార్ల సుంకం కంటే అదే పెద్ద విషయం. బేరం బల్ల మీద ఉన్నది వాణిజ్యం, బల్ల కింద ఉన్నది భద్రత. వాణిజ్యంలో ఉన్న బలాన్ని రక్షణలో ఉన్న లోటు తినేసింది. ఆ రోజు నుంచీ నన్ను "కమిషన్ అమ్ముడుపోయింది" అని అడిగినవాళ్లందరికీ నేను చెప్పింది ఇదే. ఒప్పందం నాకూ నచ్చలేదు. తప్పు మాత్రం ఆ ఒక్క రోజుది కాదు, అంతకుముందు ముప్ఫై ఏళ్లు రక్షణను వాయిదా వేసినదానిది.

అపోహ: ఆంక్షలు ఒకసారి వేస్తే అలాగే ఉంటాయి

రష్యాపై 2014లో మొదలైన ఆర్థిక ఆంక్షలను ఆరు నెలలకోసారి, ఏకగ్రీవంగా పొడిగించాలి. అంటే ఏడాదికి రెండుసార్లు ప్రతి దేశానికీ బేరమాడే అవకాశం వస్తుంది. సముద్రమార్గంలో వచ్చే రష్యా ముడిచమురుపై నిషేధం 2022 డిసెంబరు 5న వచ్చినప్పుడు పైపులైను చమురును మినహాయించింది అందుకే. లేకపోతే హంగరీ ఒప్పుకునేది కాదు. అలాగని ఏమీ మారలేదనడం అన్యాయం. ఈయూ గ్యాస్ దిగుమతుల్లో రష్యా వాటా 2021లో సుమారు 45 శాతం, 2024కి అది 19 శాతానికి పడిపోయింది.

స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులు ఎక్కువగా బెల్జియంలోని యూరోక్లియర్ అనే సంస్థలో ఉన్నాయి. వీటికీ ఆరు నెలల గండం ఉండేది. 2025 డిసెంబరులో ఈయూ మూల ఒప్పందంలో ఆర్థిక అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించిన 122వ అధికరణాన్ని వాడి, మెజారిటీ ఓటుతోనే ఆ గడువును తీసేశారు. హంగరీ, స్లొవేకియా వ్యతిరేకించినా ఆగలేదు. విదేశాంగ నిర్ణయాన్ని ఆర్థిక నిర్ణయంగా మార్చి వీటోను దాటారన్నమాట. అవసరమైన పనే, కానీ ఈ దారి అలవాటైతే రేపు ఏ దేశం మీదైనా వాడొచ్చు. ఆ మాట నాకు దిగులుగానే ఉంది.

అపోహ: నాటో ఉండగా ఈయూకి రక్షణలో పనేముంది

27లో 23 దేశాలు నాటోలో ఉన్నాయి. ఆస్ట్రియా, ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ లేవు. యుద్ధ ప్రణాళికలు నాటోవి, నిజమే. ఆయుధాలు కొనే డబ్బు, తయారుచేసే ఫ్యాక్టరీలు, కొనుగోలు నిబంధనలు మాత్రం ఈయూ చేతుల్లోకి వస్తున్నాయి.

2023 మార్చిలో ఈయూ ఉక్రెయిన్‌కు ఏడాదిలో 10 లక్షల ఫిరంగి గుళ్లు ఇస్తామని మాటిచ్చింది. గడువుకు దాదాపు సగమే అందాయి. డబ్బు లేక కాదు. ఫ్యాక్టరీవాళ్లు కొత్త లైను వేయాలంటే చాలా ఏళ్లకు సరిపడా ఆర్డర్లు చేతిలో ఉండాలి, ఆర్డర్లు ఇచ్చేది ఈయూ కాదు, ఒక్కో దేశం విడివిడిగా. మందుగుండు పొడికీ కొరత ఉంది. పైగా సైనిక కార్యకలాపాలకు ఈయూ బడ్జెట్ వాడకూడదని ఈయూ మూల ఒప్పందంలోనే ఉంది. అందుకే ఆ డబ్బు బడ్జెట్ బయట పెట్టిన ప్రత్యేక నిధి నుంచి రావాల్సి వచ్చింది. 2017లో కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం అమెరికా సైన్యంలో ప్రధాన యుద్ధ ట్యాంకు ఒక్కటే రకం, ఈయూ దేశాల్లో 17 రకాలు. పదిహేడు రకాల విడిభాగాలు, పదిహేడు రకాల శిక్షణ. 2025 మేలో ఆమోదించిన 150 బిలియన్ల యూరోల రుణ పథకం దేశాలు కలిసి కొనాలని అడుగుతున్నది ఈ తలనొప్పి తగ్గించడానికే.

అపోహ: షరతులు నెరవేరిస్తే సభ్యత్వం వస్తుంది

ఉత్తర మాసిడోనియా 2005లోనే అభ్యర్థి దేశం అయింది. "మాసిడోనియా" అన్న పేరుపై గ్రీస్ అభ్యంతరం వల్ల 2019లో తన దేశం పేరే మార్చుకుంది. ఆ ఏడాది అక్టోబరులో సభ్యత్వ చర్చలు మొదలవకుండా ఫ్రాన్స్ ఆపింది. 2020 నవంబరులో చరిత్ర, భాష విషయాలు లేవనెత్తి బల్గేరియా ఆపింది. 2022 జులైలో చర్చలు లాంఛనంగా మొదలయ్యాయి కానీ ముందుకు కదలాలంటే రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చాలన్న షరతు వచ్చింది. దానికి పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి, అది దొరకలేదు. అదే జులైలో చర్చలు ప్రారంభించిన అల్బేనియా 2024 అక్టోబరులో మొదటి అధ్యాయాల (చర్చించాల్సిన అంశాల) సమూహాన్ని తెరిచింది. పేరు మార్చుకున్న దేశం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.